జంప్ దగ్గర గుర్రం ఇబ్బంది పెడుతోందా? ముందు మలుపు చూడండి

మన దగ్గర రైడింగ్ స్కూళ్ళలో కనిపించే గుర్రాల్లో చాలావరకు ఒకప్పుడు రేసుల్లో పరుగెత్తిన థరోబ్రెడ్‌లే. మలక్‌పేట లాంటి రేస్‌కోర్సుల నుంచి రిటైరై వస్తాయి. వాటికి వేగం వచ్చు, దమ్ముంది. చిన్న గుండ్రంలో తిరగడం, వెనక కాళ్ళ మీద బరువు మోయడం, మెల్లగా ఆగడం మాత్రం కొత్త. అందుకే జంప్‌లో కనిపించే తప్పుకు మూలం తరచుగా జంప్ దగ్గర ఉండదు. దానికి ముందున్న మలుపులోనో, ఆ మలుపుకు ముందు నడక కన్నా కాస్త వేగంగా సాగే ట్రాట్‌లోనో ఉంటుంది.

అన్నిటికంటే ముందు: నొప్పి ఉందా?

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని సామెత. ఈ సామెతను పట్టుకుని గుర్రాలను కొట్టేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. మూడు కాళ్ళ మీద నడిచే గుర్రానికి నాలుగో కాలు నొప్పిగా ఉండే అవకాశమే ఎక్కువ.

నిన్నటిదాకా బాగా దూకిన గుర్రం హఠాత్తుగా మొరాయిస్తే పోల్స్ (జంప్‌కు వాడే పొడవాటి కర్రలు) పక్కన పెట్టండి. జీను తీసి, మూపు నుంచి నడుము దాకా వెన్నుకు రెండు పక్కలా అరచేతితో కాస్త అదిమి చూడండి. ఎక్కడైనా చర్మం వణికినా, గుర్రం వీపు కిందికి దించేసినా, చెవులు వెనక్కి పెట్టినా అక్కడ ఏదో ఉంది. తర్వాత గట్టి నేల మీద గుర్రాన్ని చూసుకునే సయీస్‌తో తిన్నగా ట్రాట్ చేయించండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. లాడాలు, పళ్ళు, జీను అమరిక కూడా చూపించండి. పట్టీ బిగిస్తుంటే కరవబోయే గుర్రానికి కడుపులో అల్సర్ ఉండొచ్చు, రేసు గుర్రాల్లో అది మామూలు. ఇవన్నీ వెటర్నరీ డాక్టర్ చూడాల్సినవి. ఏ వ్యాయామమూ వీటిని బాగుచేయదు.

సమస్య: జంప్ కనబడగానే తల ఎత్తి ఉరుకుతుంది

కారణం: చాలామంది దీన్ని ఉత్సాహం అనుకుంటారు. ఎక్కువ గుర్రాల్లో అది టెన్షన్. బరువంతా ముందు కాళ్ళ మీద పడిన గుర్రం బ్యాలెన్స్ కోసం వేగం పెంచుతుంది. రేసు గుర్రానికి ఇంకో అలవాటు కూడా ఉంటుంది. పగ్గాలు బిగిస్తే అది బిట్ (నోట్లో ఉండే కళ్ళెం కడ్డీ) మీద ఆనుకుని ముందుకు లాగుతుంది, ట్రాక్ మీద అలాగే పరుగెత్తింది మరి. మీరు భయపడి లాగేకొద్దీ అది ఇంకా ఉరుకుతుంది.

పరిష్కారం: కొన్నాళ్ళు జంప్ మాట మరిచిపోండి. 20 మీటర్ల గుండ్రంలో ట్రాట్, వాక్ (మామూలు నడక), మళ్ళీ ట్రాట్. పది పన్నెండు అంగలకొకసారి మార్చండి. తగ్గించాలనుకున్నప్పుడు నిటారుగా కూర్చుని, ఊపిరి వదిలి, వేళ్ళు మూయండి. గుర్రం ఒక్క అంగ తగ్గించగానే వేళ్ళు సడలించాలి. నేర్పేది ఆ సడలింపే. పట్టు అలాగే ఉంచితే మళ్ళీ లాగుడు పోటీ మొదలవుతుంది, అందులో గెలిచేది గుర్రమే.

అది కుదిరాక నేల మీద పోల్స్. ముందు ఒక్కటి. తర్వాత మూడు పోల్స్, ఆ తర్వాత నాలుగు పోల్స్, ఒక్కోదాని మధ్య నాలుగున్నర అడుగుల దూరంతో. రెండు మాత్రం పెట్టకండి, కొత్త గుర్రం రెంటినీ కలిపి ఒక్క దూకుతో దాటేస్తుంది. సరిగ్గా వెళ్తున్నప్పుడు గిట్టల చప్పుడు ఒకే లయలో వినిపిస్తుంది. మెడ కిందికి సాగుతుంది, జీను కింద వీపు లేచినట్టు మీకే తెలుస్తుంది, ముక్కుతో బుస్సుమని గాలి వదులుతుంది. ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. "ఇంకొక్కసారి" అని అడగడం వల్లే చాలా మంచి సెషన్లు పాడవుతాయి.

తర్వాత చిన్న క్రాస్ పోల్, అంటే రెండు పోల్స్ 'ఎక్స్' ఆకారంలో పెట్టిన జంప్. దాని ముందు 9 అడుగుల్లో నేల మీద ఒక పోల్, దిగే వైపు 9, 10 అడుగుల్లో ఇంకొకటి. ట్రాట్‌లోనే రండి. ముందు పోల్ గుర్రాన్ని సరైన చోట నుంచి లేపుతుంది, వెనక పోల్ దిగాక ఉరకకుండా చూస్తుంది. దిగాక తిన్నగా వెళ్ళి మూలకు ముందే వాక్‌కు రావాలి. ఒక్కోసారి జంప్‌కు వెళ్ళకుండా గుండ్రం తిప్పండి, ప్రతిసారీ దూకాల్సిందే అన్న ఆరాటం తగ్గుతుంది. తిప్పాలనే నిర్ణయం చాలా ముందే తీసుకోండి. చివరి రెండు మూడు అంగల్లో తిప్పితే పక్కకు తప్పుకోవడం మీరే నేర్పినట్టవుతుంది.

క్యాంటర్‌లో (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) వేగం సర్దడానికి నాకు బాగా నచ్చిన వ్యాయామం ఒకటుంది. నేల మీద రెండు పోల్స్, మధ్యలో 60 అడుగులు. గుర్రం క్యాంటర్ అంగ సుమారు 12 అడుగులు. మొదటి పోల్ దాటి దిగడానికి, రెండోదాని ముందు లేవడానికి కలిపి ఒక అంగ దూరం పోతుంది కాబట్టి మధ్యలో 4 అంగలు పడతాయి. టేపు లేకపోతే మీ అడుగు మూడు అడుగుల పొడవుండేలా నడవడం అలవాటు చేసుకోండి, మీ నాలుగు అడుగులు గుర్రం ఒక్క అంగ. ముందు 4 అంగల్లో వెళ్ళండి. తర్వాత అదే దూరం 5 అంగల్లో, మళ్ళీ 4లో. బయటికి లెక్కపెడుతూ వెళ్ళండి. లెక్కపెడుతుంటే మీ ఊపిరి ఆగదు, గుర్రానికీ నెమ్మది వస్తుంది.

సమస్య: ఒక వైపు లీడ్ తీసుకోదు, మలుపులో లోపలికి ఒరుగుతుంది

కారణం: లీడ్ అంటే క్యాంటర్‌లో ఎక్కువ ముందుకు పడే ముందు కాలు, మలుపులో అది లోపలి వైపుది కావాలి. మనలాగే గుర్రానికీ ఒక పక్క బిగువు ఎక్కువ. ఆ వైపు పక్కటెముకల దగ్గర వంగలేక భుజాన్ని లోపలికి పడేస్తుంది.

పరిష్కారం: లోపలి పగ్గం లాగితే మెడ మాత్రమే వంగుతుంది. లోపలి కాలితో లెగ్ యీల్డ్ (కాలి ఒత్తిడికి పక్కకు జరగడం) చేయించి, గుండ్రాన్ని 15 మీటర్ల నుంచి 20కి విప్పండి. గుర్రం బయటి పగ్గంలోకి వచ్చిన క్షణంలో, మూల మలుపులో క్యాంటర్ అడగండి. ముందుముందు గోడ పక్కన షోల్డర్ ఇన్ (భుజాలను కాస్త లోపలికి తెచ్చి ముందుకు సాగడం) నేర్పండి. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లా గెరినియేర్ అనే రైడింగ్ గురువు ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ వ్యాయామం ఇవాళ్టికీ బిగిసిన గుర్రాన్ని సడలించడానికి పనికొస్తుంది. ఎంత చేసినా ఒకే లీడ్ తప్పుతుంటే వెనక కాళ్ళు, నడుము చూపించాలి.

సమస్య: ఆగిపోతుంది, లేదా పక్కకు తప్పుకుంటుంది

ఇవి రెండూ ఒకటి కావు. పక్కకు తప్పుకునే గుర్రం తిన్నగా రాలేదు. జంప్ మీద రెండు పోల్స్ 'వి' ఆకారంలో ఆనించి దారి చూపించండి, తప్పుకునే వైపు పగ్గం, కాలు వదలకండి.

నేరుగా వచ్చి ఆగేదానికి కారణాలు ఎక్కువ. గుర్రం కళ్ళు తలకు పక్కల ఉంటాయి, నుదుటికి ఎదురుగా కొంత చోటు అసలు కనబడదు. తల బిగించి పట్టుకుంటే జంప్‌ను అంచనా వేయలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా దానికి సరిగా తెలియదు, పచ్చిక మీద ఎర్ర పోల్ మనకు కనిపించినంత స్పష్టంగా కనిపించదు. తెలుపు, పసుపు, నీలం మంచివి. జంప్ కింద, దూకే వైపు కాస్త ముందుకు ఒక పోల్ పెడితే ఎక్కడ లేవాలో దానికి తేలుతుంది. ఆగినప్పుడు కొరడా తీయకండి. పోల్ దించి, గుర్రం నడుచుకుంటూనైనా దాటగలిగే ఎత్తుకు తెచ్చి దాటించండి, మెడ మీద తట్టండి. మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నేల కూడా చూసుకోండి. ఎండలకు బిర్రబిగిసిన నేల మీద ఒకటి రెండుసార్లు దిగి కాళ్ళు అదిరిన గుర్రం మూడోసారి ఆగితే తప్పు దానిది కాదు.

సమస్య: పోల్స్ పడగొడుతుంది

ఏ కాళ్ళతో పడగొడుతోందో కింద ఉన్నవాళ్ళను చూడమనండి. ముందు కాళ్ళతో అయితే జంప్‌కు మరీ దగ్గరగా వచ్చి లేస్తోంది, లేదా గుర్రం లేవకముందే మీరు మెడ మీదికి వంగిపోతున్నారు. వెనక కాళ్ళతో అయితే అది ఇంకా గాల్లో ఉండగానే మీరు జీను మీద కూర్చుంటున్నారు, లేదా అది అలసిపోయింది.

రెండింటికీ గ్రిడ్ (కొలిచిన దూరాల్లో వరుసగా పెట్టిన జంప్‌లు) పనిచేస్తుంది. ట్రాట్‌లో వచ్చే దారిలో ఒక పోల్, 9 అడుగులకు క్రాస్ పోల్, అక్కడి నుంచి 18 అడుగులకు చిన్న వర్టికల్ (నిటారుగా ఉండే జంప్), ఇంకో 21 అడుగులకు తక్కువ ఎత్తు ఆక్సర్ (వెడల్పుండే జంప్). మొదటిరోజే అన్నీ నిలబెట్టవద్దు, ఒక్కొక్కటే చేర్చండి. మీ గుర్రం అంగ చిన్నదైతే ఒక అడుగు తగ్గించండి. దూరం సరిపోయిందో లేదో ఒకరు పక్కన నిలబడి చూడాలి, పడిన పోల్ ఎత్తడానికీ వాళ్ళు కావాలి. హెల్మెట్ లేకుండా, ఒంటరిగా గ్రిడ్ చేయవద్దు. గ్రిడ్ మధ్యలో పగ్గాలతో ఏమీ చెప్పకండి, జూలు పట్టుకుని రికాబుల మీద మడమలు దించి ఉండండి. ఆ దూరాల మధ్య కాళ్ళు ఎలా మడవాలో గుర్రమే నేర్చుకుంటుంది.