మామిడిపిందె క్లిప్: అందంగా ఉండాలి, కాగితం జారకూడదు

మా అక్క కూతురి పెళ్లికి శుభలేఖతో పాటు రూట్ మ్యాపు, కార్యక్రమాల షీటు కలిపి ఇవ్వాల్సి వచ్చింది, మామూలు యూ పిన్ పెడితే ఏం బాగుంటుంది, ఇత్తడి తీగతో మనమే ఏదైనా చేద్దాం అనుకున్నా. మొదట హార్ట్ షేపు చేశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ కవరులోంచి తీయగానే కాగితాలు దేనికవి విడిపోయాయి. తర్వాత నక్షత్రం, ఆ తర్వాత పెళ్లికూతురి పేరులో మొదటి అక్షరం, ఇలా ఒక్కోటీ చేసుకుంటూ పోతే చివరికి మామిడిపిందె దగ్గర కుదిరింది. అది ఎందుకు కుదిరిందో, ఎలా చెయ్యాలో మొత్తం రాస్తున్నా, ఎందుకంటే నెట్‌లో దొరికే వీడియోల్లో షేపు ఎలా వంచాలో చూపిస్తారు గానీ పట్టు ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ చెప్పడం లేదు.

ముందు ఇంట్లో ఉన్న మామూలు జెమ్ క్లిప్ ఒకటి చేతిలోకి తీసుకోండి. ఒకటే తీగ, మూడే మలుపులు. బయట పెద్ద నాలుక ఒకటి, దాని లోపల చిన్న నాలుక ఒకటి, రెండూ ఒకే వైపుకి చూస్తుంటాయి, రెండింటినీ కలిపే మలుపు అవతలి చివర ఉంటుంది. కాగితం ఈ రెండు నాలుకల మధ్యలో దూరుతుంది. దూరినప్పుడు చిన్న నాలుక ఒకవైపుకి, పెద్దది ఇంకోవైపుకి విడిపోవాలి కదా, అలా విడిపోవడానికి మధ్యలో ఉన్న పొడవాటి కాళ్లు కొంచెం వంగుతాయి, కొంచెం మెలితిరుగుతాయి. ఆ మెలి తిరిగిన తీగ మళ్లీ తన చోటికి రావాలని చూస్తుంది, ఆ వెనక్కి తోసే బలమే పట్టు. మామూలు స్ప్రింగు ఎలా పని చేస్తుందో ఇదీ అంతే.

ఇది అర్థమైతే నా హార్ట్ ఎందుకు ఫెయిలయిందో తెలిసిపోతుంది. దానికి బయట గీత మాత్రమే ఉంది, లోపలి నాలుక లేదు. తీగ రెండు చివరలూ పక్కపక్కన పెట్టి వాటి మధ్యలో కాగితం దూర్చడమే, ఆ చివరలు పట్టీ పట్టనట్టు ఉంటాయి. నార్వేకి చెందిన యోహాన్ వాలర్ 1901లో పేటెంట్ తీసుకున్న క్లిప్‌లో కూడా ఇదే లోపం, జెమ్‌కి ఉన్న ఆఖరి మలుపు దానికి లేదు, అందుకే అది మార్కెట్లోకి రానేలేదు. అప్పటికే జెమ్ తరహా క్లిప్పులు వాడుకలో ఉన్నాయి, అమెరికాలో విలియం మిడిల్‌బ్రూక్ 1899లోనే వాటిని తయారుచేసే మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఒక్క మలుపులోనే ఇంత తేడా ఉంది. కాబట్టి మీరు ఏ డిజైన్ గీసినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: ఇందులో ఒకే వైపు చూసే రెండు నాలుకలు ఉన్నాయా, వాటిని కలిపే మలుపు ఇంకో చివర ఉందా? లేకపోతే అది బొమ్మ అవుతుంది, క్లిప్ కాదు.

మామిడిపిందెలో ఇది దానంతట అదే కుదురుతుంది. మన చీరల అంచుల మీద చూడండి, పెద్ద పిందె లోపల చిన్న పిందె ఉంటుంది, పైన ముక్కు పక్కకి వంగి ఉంటుంది. పెద్ద పిందె పొట్ట బయటి నాలుక, చిన్న పిందె పొట్ట లోపలి నాలుక, వంగిన ముక్కు రెండింటినీ కలిపే మలుపు. నాకు ఇది తట్టినప్పుడు నిజంగా చాలా సంతోషమేసింది.

ఇప్పుడు తీగ సంగతి, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైరు అస్సలు వద్దు, అది వంచితే వంగినట్టే ఉండిపోతుంది, అలా ఉండాలనే దాన్ని కాల్చి మెత్తగా చేస్తారు. మోటార్ వైండింగ్ షాపులో దొరికే రాగి తీగ రంగు బాగుంటుంది కానీ అదీ మెత్తనే. క్రాఫ్ట్ షాపుల్లో రంగురంగుల అల్యూమినియం తీగ కూడా అంతే. మీకు కావాల్సింది హాఫ్ హార్డ్ ఇత్తడి తీగ (అంటే మరీ మెత్తగా కాకుండా కొంత గట్టిపరిచినది), లేదా స్ప్రింగు స్టెయిన్‌లెస్ తీగ. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్, రాణిగంజ్ వైపు అడగండి, వేరే ఊళ్లలో మెటల్ సామాన్లు అమ్మే పెద్ద షాపులో అడగండి. షాపులోనే టెస్ట్ చేయొచ్చు: జానెడు ముక్క తీసుకుని రెండు చివరలూ పట్టుకుని కొంచెం విల్లులా వంచి వదలండి, తిన్నగా వెనక్కి వస్తే తీసుకోండి, వంపు మిగిలిపోతే వద్దు.

మందం చాలా ముఖ్యం. అదే షేపు, అదే సైజులో తీగ మందం మాత్రం 1 మిల్లీమీటరు నుంచి 1.2కి పెంచితే బిగువు రెండింతలు అవుతుంది, ఎందుకంటే బిగువు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అదే తీగతో క్లిప్ సైజు డబుల్ చేస్తే మాత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది, అందుకే పెద్ద పెద్ద డిజైన్లు సన్న తీగతో చేస్తే వేలాడిపోతాయి. అలాగని చిన్న క్లిప్పుకి మరీ లావు తీగ పెట్టినా తప్పే, నాలుగు కాగితాలు పెట్టగానే తీగ తట్టుకునే హద్దు దాటిపోయి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. ఇంకోటి, ఇత్తడి బిగువు స్టీలులో సగమే, కాబట్టి 1.2 మిల్లీమీటర్ల ఇత్తడి (షాపులో 18 గేజ్ అంటారు) దాదాపు 1 మిల్లీమీటరు స్టీలుతో (19 గేజ్) సమానం అనుకోండి. కింద చెప్పే సైజుకి నేను 18 గేజ్ ఇత్తడి వాడాను.

గ్రాఫ్ పేపర్ మీద అసలు సైజులోనే గీయండి. మొత్తం ఎత్తు 38 మిల్లీమీటర్లు, పెద్ద పొట్ట వెడల్పు 17, చిన్న పొట్ట వెడల్పు 12, తీగ మధ్యనుంచి మధ్యకి కొలిచి. తీగ దారి ఇలా ఉండాలి: కుడివైపు పైన మొదలై కిందికి దిగి, పెద్ద పొట్ట చుట్టి, ఎడమవైపు పైకెక్కి, ముక్కు దగ్గర తిరిగి, మళ్లీ కుడివైపే కానీ లోపలగా దిగి, చిన్న పొట్ట చుట్టి, ఎడమవైపు లోపల పైకొచ్చి ఆగాలి. మొత్తం ఒకే దిశలో తిరుగుతుంది, ఎక్కడా వెనక్కి తిరగదు. రెండు పొట్టల మధ్య ఖాళీ తీగ మందమంత, మహా అయితే 1.5 మిల్లీమీటర్లు. ఈ ఖాళీ ఎక్కువ పెడితే ఏమవుతుందంటే కాగితమే అలలా వంగి ఆ సందులోంచి వెళ్లిపోతుంది, తీగలు విడిపోవాల్సిన అవసరమే రాదు, ఇక పట్టు ఎక్కడిది. గీసిన గీత మీద దారం పరిచి పొడవు కొలవండి, నాకు చివర్ల చుట్లతో కలిపి 15 సెంటీమీటర్లు వచ్చింది, 18 కోసుకున్నాను.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు, ఒక కటింగ్ ప్లేయర్, ఒక నోస్ ప్లేయర్, ఆకురాయి, సన్న గరుకు కాగితం. నోస్ ప్లేయర్ పళ్లకి ఇన్సులేషన్ టేపు చుట్టండి, పళ్ల గాట్లు పడితే చూడ్డానికి బాగోదు, పైగా రేపు తీగ అక్కడే విరుగుతుంది. కోసేటప్పుడు రెండు వైపులా పట్టుకుని కోయండి, ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం నిజంగా ఉంది, కళ్లద్దాలు పెట్టుకుంటే మంచిది.

తీగని ముందు తిన్నగా చేయాలి, ఒక చివర దేనికైనా బిగించి రెండో చివర ప్లేయర్‌తో పట్టి గట్టిగా ఒక లాగు లాగితే సరిపోతుంది. ఆ తర్వాత లోపలి నుంచి మొదలుపెట్టండి. చిన్న పొట్టని సన్న పెన్సిల్ బ్యాటరీ, అంటే రిమోట్‌లో వేసేదాని చుట్టూ వంచండి, అది 10.5 మిల్లీమీటర్లు ఉంటుంది, వదిలాక తీగ కొంచెం తెరుచుకుని మనకి కావాల్సిన 12కి వస్తుంది. తర్వాత ముక్కు మలుపు మామూలు పెన్సిల్ మీద. దీన్ని సూదిగా వంచాలనిపిస్తుంది, అందం కోసం, కానీ వద్దు, మలుపు లోపలి వ్యాసార్థం తీగ మందానికి కనీసం రెండు మూడింతలు ఉండాలి, లేకపోతే పదిసార్లు వాడేసరికి అక్కడ పగులు వస్తుంది. ముక్కు పక్కకి వంగినట్టు కనపడాలంటే మలుపు మొత్తాన్ని కుడివైపుకి వాల్చండి చాలు. చివరిగా పెద్ద పొట్ట మామూలు పెన్సిల్ బ్యాటరీ మీద, అది 14.5, వదిలాక 17 దగ్గరకి వస్తుంది. స్టెయిన్‌లెస్ అయితే ఇంకా ఎక్కువ తెరుచుకుంటుంది, ఇంకొంచెం సన్నని దాని మీద చుట్టాలి. ప్రతి మలుపు తర్వాతా గీసిన బొమ్మ మీద పెట్టి చూసుకోండి, ఒకసారి తప్పు వంగిన చోట మళ్లీ మళ్లీ సరిచేయకండి, కొత్త ముక్క తీసుకోవడమే నయం.

ఇప్పుడు అసలు కిటుకు. ఇంతవరకు చేసిన క్లిప్ బల్లమీద పెడితే చదునుగా ఉంటుంది, కాగితం పెడితే పట్టుకుంటుంది కూడా, కానీ ఒకటి రెండు కాగితాలకి వదులుగా ఉంటుంది. ముందు ఏది కనపడాలో నిర్ణయించుకోండి, కాగితం పెట్టాక క్లిప్‌లో ఒక నాలుక మాత్రమే ముందు కనిపిస్తుంది, రెండోది కాగితం వెనక ఉండిపోతుంది, డిజైన్ గీసేటప్పుడు ఇది చాలామంది మర్చిపోతారు. నాకు పెద్ద పిందె ముందు కనపడాలి. అంటే చిన్నది వెనక ఉంటుంది. అప్పుడు చిన్న నాలుకని బొటనవేలితో వెనకనుంచి ముందుకి, పెద్ద పిందె లోపలినుంచి అవతలికి 5, 6 మిల్లీమీటర్లు తోసి వదలండి, నాలుగైదు సార్లు. వదిలాక అది చదునుకి రాకుండా ముందువైపు ఒక మిల్లీమీటరు మిగిలి ఉండాలి. ఇప్పుడు కాగితం పెట్టాలంటే దాన్ని ముందునుంచి వెనక్కి తీసుకెళ్లాలి, అంటే కాగితం లేనప్పుడే తీగలో బిగువు మొదలైపోయింది, ఒక్క కాగితం పెట్టినా గట్టిగా నొక్కుతుంది. నా క్లిప్పుల్లో మార్పు తెచ్చింది ఈ ఒక్క పనే, దీనికి ఒక నిమిషం కూడా పట్టదు.

కానీ బిగువు పెరిగింది కాబట్టి కాగితం దూర్చడం కష్టమవుతుంది, అందుకని చిన్న పొట్ట అడుగు అంచుని మాత్రం కొంచెం వెనక్కి, గుమ్మం ముందు మెట్టు వాలుగా ఉన్నట్టు, లేపండి. ఒక్క మిల్లీమీటరు చాలు. పిల్లలు కూడా సులువుగా పెట్టగలుగుతారు.

తీగ చివరలు రెండూ కాగితం మీదే ఉంటాయి, కోసిన చివర కత్తిలా ఉంటుంది, తీసేటప్పుడు కాగితం చింపేస్తుంది. ముందు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, గరుకు కాగితంతో రుద్ది, చెంప మీద రాస్తే గీసుకోకూడదు. బయటి చివరని నోస్ ప్లేయర్ కొనతో చిన్న చుట్టగా చుట్టేస్తే తొడిమ దగ్గర మొగ్గలా అందంగానూ ఉంటుంది. లోపలి చివర కూడా అలాగే, కానీ చదునుగా ఉండాలి.

అలంకారం ఎక్కడ చేయాలి అన్న దానికి నాకు కరీంనగర్ వెండి తీగ పని చూసి సమాధానం దొరికింది. అందులో వెంట్రుకల్లాంటి సన్న తీగలతో ఎంత నగిషీ చేసినా, దాన్ని మోసేది బయట ఉండే మందపాటి ఫ్రేము, నగిషీ అంతా ఫ్రేము లోపల కూర్చుంటుంది. మన క్లిప్‌లో కూడా అంతే, రెండు నాలుకల మధ్య ఉన్న కాళ్లు, ముక్కు, ఇవి పని చేసే భాగం, వాటి మీద వేరే తీగ చుట్టకూడదు, సుత్తితో కొట్టకూడదు, పూసలు గుచ్చకూడదు. పెద్ద పొట్ట అడుగు, బయటి చివరి చుట్ట, ఈ రెండు చోట్ల మీ ఇష్టం. పొట్ట అడుగుని దాగలి మీద పెట్టి సుత్తితో నెమ్మదిగా కొడితే కొంచెం చదునై మెరుస్తుంది, తీగ గట్టిపడుతుంది, కాగితం మీద తాకే వెడల్పు కూడా పెరుగుతుంది. పూస పెట్టాలంటే చివరి చుట్ట వేసే ముందే గుచ్చి పెట్టండి. రంగు మాత్రం నాలుకలు కాగితాన్ని తాకే చోట వేయకండి, అక్కడ గరుకు కాగితంతో తీగకి అడ్డంగా రెండు మూడు సార్లు రుద్ది వదిలేస్తే జారకుండా పట్టుకుంటుంది.

టెస్ట్ మూడు రకాలుగా చేయండి. రెండు ఎ4 కాగితాలకి పెట్టి క్లిప్ ముక్కు పట్టుకుని గట్టిగా విదిలించండి, కదలకూడదు. తర్వాత పది కాగితాలు, 75 జీఎస్ఎమ్‌వి అయితే దాదాపు 47 గ్రాములు, మందం ఒక మిల్లీమీటరు, మధ్యలో ఉన్న కాగితాన్ని మెల్లగా లాగండి, బిగుతుగా రావాలి. చివరిగా పదిహేను కాగితాలకి పెట్టి రాత్రంతా వదిలేసి పొద్దున తీసి మళ్లీ రెండు కాగితాలకి పెట్టి చూడండి. ఇక్కడ వదులైపోతే తీగ మెత్తది అయినా అయ్యుండాలి, కాళ్లు మరీ పొట్టి అయినా అయ్యుండాలి, కాళ్లు 4, 5 మిల్లీమీటర్లు పొడవు పెంచి మళ్లీ చేయండి.

ఇదే లెక్కతో చేప కూడా బాగా వస్తుంది, తోక మలుపు అవుతుంది, లోపల చిన్న చేప. శంఖం అయితే దాని చుట్టే రెండో నాలుక. నెమలి కొంచెం కష్టం, మెడ దగ్గర తీగ వెనక్కి తిరగాల్సి వస్తుంది, మెడని మొత్తం బయటి చివరలోకి తీసుకెళ్తే కుదురుతుంది. దస్తావేజులు, సర్టిఫికెట్లు, పాత ఫోటోల లాంటివాటికి ఇనుప తీగ క్లిప్ ఎంత అందంగా ఉన్నా పెట్టకండి, మన వానాకాలం తేమకి తుప్పు పట్టి ఆ మరక పోదు, వాటికి స్టెయిన్‌లెస్ వాడండి. ఇత్తడిది పెడితే ముందు చింతపండుతో తోమి, కడిగి, బాగా ఆరబెట్టి, చేతి నూనె అంటకుండా గుడ్డతో పట్టుకుని పెట్టండి.