ఇంట్లో దొంగలు పడిన కుటుంబం ఆర్థికంగా కోలుకోవడానికి ఎలా సాయపడాలి?

పెళ్లయి కొన్నేళ్లే అయిన దంపతులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో దొంగలు పడితే ఆ దెబ్బ పోయిన వస్తువుల విలువతో ఆగదు. దాచుకున్న సొమ్ము తక్కువ, నెలనెలా కట్టాల్సిన వాయిదాలు ఎక్కువ. పైగా పోయిన లాప్‌టాప్ మీదే ఒకరి సంపాదన ఆధారపడి ఉండవచ్చు. ఇటువంటి సమయంలో ఆప్తులు చేతిలో నాలుగు డబ్బులు పెట్టడం మంచిదే. అయితే కలత చెందిన మనసుతో వాళ్లు చేయలేని లెక్కను పక్కన కూర్చుని వాళ్లతో కలిసి రాయడం అంతకంటే పెద్ద సాయమని నా నమ్మకం.

1. ఇంకా పోగల సొమ్మును ముందు ఆపండి

పోలీసులు వచ్చి చూసేవరకు చెదిరిన సామాన్లను ముట్టుకోకుండా, పగిలిన తలుపును, తెరిచి ఉన్న బీరువాను ఫోటోలు తీయించండి. ఆలోగా బ్యాంకుకు ఫోన్ చేసి, పోయిన కార్డులను, చెక్కు పుస్తకాన్ని నిలిపివేయించాలి. ఫోన్ కూడా పోయి ఉంటే సిమ్‌ను వెంటనే ఆపించి, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోవాలి. ఖాతాలను తెరిచే ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి కదా. ఈమెయిల్ పాస్‌వర్డును మరో పరికరం నుంచి మార్చాలి. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డులు పోతే వాటి పేర్లు కూడా ఫిర్యాదులో ఉండాలి, ఎందుకంటే వాటితో ఎవరైనా అప్పు తీసుకుంటే ఆ ఫిర్యాదే రక్షణ అవుతుంది. ఫిర్యాదు నకలును, దాని నంబరును తప్పక తీసుకోవాలి.

2. పోయినవాటి జాబితా రాయండి

ఎక్కువ ఓపిక కావలసిన పని ఇదే. ‘ఏమేం పోయాయి?’ అని అడిగితే ఎవరికీ అన్నీ గుర్తుకు రావు. ఒక్కొక్క గదిలోకి వెళ్లి, ఒక్కొక్క అర ముందు నిలబడి, ‘ఇక్కడ ఏముండేది?’ అని నెమ్మదిగా అడుగుతూ మీరు రాసుకోండి. వస్తువు పేరు, మోడల్, కొన్న సంవత్సరం, అప్పటి ధర, చేతిలో ఉన్న ఆధారం అనే అయిదు గడులు చాలు.

రసీదులు లేవని చాలామంది ఇక్కడే నిరుత్సాహపడతారు, కానీ ఆధారాలు అనుకోని చోట దొరుకుతాయి. పాప పుట్టినరోజు ఫోటోను పెద్దది చేసి చూస్తే వెనుక గోడకు ఉన్న టీవీ, పాపను ఎత్తుకున్న తల్లి చేతి గాజులు స్పష్టంగా కనబడవచ్చు. దొంగలు లాప్‌టాప్ పట్టుకుపోయినా దాని ఖాళీ పెట్టె అటక మీదే ఉండిపోతుంది, సీరియల్ నంబరు సాధారణంగా దాని మీద ఉంటుంది. ఫోన్ పెట్టె మీద ఆ ఫోన్‌ను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి పాత ఆర్డర్లు, మిగిలినవాటికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, వారంటీ కార్డులు పనికివస్తాయి.

జాబితాలో లేనిదాన్ని చేర్చమని, ధర పెంచి రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట విననివ్వకండి. ఒక్క అబద్ధం బయటపడినా నిజమైన నష్టానికి రావలసిన పరిహారం కూడా చేజారిపోవచ్చు.

3. బీమా పత్రాన్ని కలిసి చదవండి

ఇంటి యజమాని బీమా సాధారణంగా కట్టడానికే తప్ప, అద్దెకు ఉన్నవాళ్ల సామాన్లకు వర్తించదు. కాబట్టి ఈ కుటుంబం తన సామాన్లకు విడిగా బీమా చేయించిందేమో, ఇంటి రుణంతో పాటు ఏదైనా పాలసీ వచ్చిందేమో వెతకండి. ఉంటే నాలుగు విషయాలు చూడాలి: ఎన్ని రోజుల్లోగా తెలియజేయాలి, నగదుకు, నగలకు విడిగా పరిమితి ఉందా, మొదట ఎంత భాగం తామే భరించాలి, తరుగుదల (వాడకంతో తగ్గిన విలువ) తీసేసి ఇస్తారా లేక కొత్త వస్తువు ధర ఇస్తారా. అయిదేళ్లు మన్నుతుందని లెక్కగట్టిన వస్తువును రెండేళ్లు వాడి ఉంటే, తరుగుదల పద్ధతిలో దాని ధరలో 60 శాతం వస్తుందని అనుకోవచ్చు. తామే భరించాల్సిన భాగం దానిలోంచి కూడా పోతుంది. ఈ లెక్క ముందే తెలిస్తే వచ్చే సొమ్ము మీద లేనిపోని ఆశ పెట్టుకోరు.

4. ఈ నెల గడిచే దారి చూడండి

పరిహారం రావడానికి సమయం పడుతుంది కాబట్టి అద్దె, తిండి, పిల్లల మందులు, ఫీజులు, అప్పు వాయిదాలను ఒక కాగితం మీద రాయించండి. వాయిదా తప్పకముందే రుణదాతకు ఫిర్యాదు నకలు చూపించి గడువు అడగాలి. ముందుగా అడిగినవాళ్ల మాటకు ఉన్న విలువ తప్పాక అడిగినవాళ్లకు ఉండదు. పనిచేసే చోట జీతంలో ముందస్తు దొరుకుతుందేమో కనుక్కోవాలి. భయంలో అధిక వడ్డీకి అప్పు తెస్తే దొంగ చేసిన నష్టం కంటే ఆ వడ్డీయే ఎక్కువ కాలం పీడిస్తుంది.

5. ఇచ్చేది స్పష్టంగా చెప్పి ఇవ్వండి

మీరిచ్చే డబ్బు అప్పా, కానుకా అన్నది ఇచ్చేటప్పుడే చెప్పండి. పదిమంది కలిసి ఇస్తుంటే ఒక్కరే వసూలు చేసి, పైసాతో సహా లెక్క రాసి ఆ దంపతులకు అప్పగించాలి. వాళ్ల అనుమతి లేకుండా సోషల్ మీడియాలో సాయం కోరవద్దు, చిరునామా అసలే పెట్టవద్దు.

6. ముందు తాళం, తర్వాత సంపాదన, ఆ తర్వాతే సౌకర్యం

ఒకసారి దొంగతనం జరిగిన ఇంట్లో కొద్ది వారాల్లోనే మళ్లీ జరిగే ప్రమాదం మామూలు ఇళ్లకంటే ఎక్కువని నేర పరిశోధకులు అనేక దేశాల్లో గమనించారు. అందువల్ల వచ్చిన మొదటి డబ్బును తలుపు బాగుకు, కొత్త తాళాలకు ఖర్చు చేయించండి. తర్వాత సంపాదనకు అవసరమైన పరికరం, పిల్లల చదువుకు కావలసినవి కొనాలి. టీవీ ఆగవచ్చు. కొత్త వస్తువుల ఖాళీ పెట్టెలను వీధిలో పడేయకుండా, వాటి మీది నంబర్లను జాబితాలోకి ఎక్కించి, ఒక నకలును మీ ఇంట్లో ఉంచుకోండి.

పోయిన వస్తువు పాత సామాన్ల అమ్మకాల్లో ఎక్కడైనా కనబడితే, అమ్మేవారిని స్వయంగా కలవనివ్వకుండా, ఆ వివరాలను ఫిర్యాదు నంబరుతో పాటు పోలీసులకు పంపించండి. పరిహారం అందాక వస్తువు తిరిగి దొరికితే ఆ సంగతి బీమా సంస్థకు తెలియజేయాలి.