ట్రావెల్ ట్రైలర్ సొంత మరమ్మతు, 7వ పాఠం: కొత్త కమాన్ కట్టలు ఎంచుకోవడం

ఆరో పాఠం చదివి కొలతలు పంపిన వారిలో ఎక్కువమంది కమాన్ కట్ట (యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు) పొడవు 26 అంగుళాలని రాశారు. వంపు, అంటే కట్ట మధ్యభాగం చివరల కంటే ఎంత దిగి ఉందో, రాయవలసిన చోట కొందరు అంగుళమనీ, కొందరు అసలు వంపే లేదనీ రాశారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన చూడగానే సంగతి అర్థమైంది. ట్రైలర్ తన చక్రాల మీద నిలబడి ఉండగానే కిందికి దూరి టేపు పట్టారు. ‘చక్రాల మీది బరువు దింపిన తరువాత’ అన్న మాట ఆ పాఠంలో ఉంది కానీ చాలామంది దాన్ని దాటుకుని టేపు దగ్గరికి వెళ్లిపోయారు. ఈ వారం నేరుగా ఎంపికలోకి వెళ్లవలసింది. ఆ కొలత సరికానిదే ఎంపిక సాగదు కనుక ముందు దాని సంగతి చూద్దాం.

కమాన్ కట్టలో పై పట్టీ పొడవు ఎప్పుడూ మారదు. మారేది దాని రెండు కళ్ల, అంటే బోల్టు దూరేలా చుట్టిన రెండు చివరల, మధ్య దూరం. బరువు లేనప్పుడు కళ్ల కేంద్రాల మధ్య 25¼ అంగుళాలూ, సుమారు మూడు అంగుళాల వంపూ ఉన్న కట్ట బరువుకు పూర్తిగా చదునైతే, ఆ దూరం ముప్పావు అంగుళం దాకా పెరిగి 26 అంగుళాల దగ్గర తేలుతుంది. చిక్కు ఏమిటంటే, అమెరికాలో ట్రావెల్ ట్రైలర్లకు 25¼ అంగుళాల కట్టా దొరుకుతుంది, 26 అంగుళాల కట్టా దొరుకుతుంది. తప్పుడు కొలత ఏ దుకాణంలోనూ లేని అంకె దగ్గర ఆగి ఉంటే మీకు అనుమానం వచ్చేది. అది సరిగ్గా ఇంకో సరుకు అంకె మీద వచ్చి ఆగుతుంది కనుక ఏ అనుమానమూ రాకుండా ఆర్డరు వెళ్లిపోతుంది.

అలా తెప్పించిన పొడవాటి కట్ట బిగించడానికి లొంగుతుంది కూడా. కట్ట చివరను పట్టి ఊగే షాకిళ్లు (చిన్న ఇనుప లంకెలు) కొంచెం ఎక్కువ వాలి, దానికి చోటిస్తాయి. రెండు యాక్సిళ్ల ట్రైలర్‌లో ముందు కట్టకు ముందు కన్ను, వెనుక కట్టకు వెనుక కన్ను ఛాసిస్‌కు అతికిన, కదలని హ్యాంగర్లకు ఉంటాయి. కాబట్టి కట్ట ముప్పావు అంగుళం పెరిగితే ముందు యాక్సిల్ అందులో సగం, అంటే 3/8 అంగుళం వెనక్కి, వెనుక యాక్సిల్ అంతే ముందుకు జరుగుతాయి. రెండు టైర్ల మధ్య ఖాళీ ముప్పావు అంగుళం తగ్గుతుంది. రెండు కట్టలనూ కలుపుతూ బరువు పంచే మధ్యలోని ఈక్వలైజర్ స్వేచ్ఛగా ఊగవలసింది పోయి గుంతల దగ్గర ఛాసిస్‌కు తగులుకునే ప్రమాదం ఉంది.

కనుక మళ్లీ కొలవండి. జాకీని యాక్సిల్ గొట్టం కింద కాక ఛాసిస్ కింద పెట్టి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు వేలాడుతుండగా నాలుగు కట్టలనూ కొలవండి. ఏళ్ల తరబడి బరువు మోసిన కట్ట, బరువు దింపినా పూర్తి వంపుకు తిరిగి రాదు, అందువల్ల పాత కట్ట కొలత కొంత ఎక్కువే చూపిస్తుంది. నాలుగూ ఒకేలా దిగబడవు కాబట్టి, వాటిలో వంపు ఎక్కువగా మిగిలి, పొడవు తక్కువగా కనిపించేదాన్నే నమ్మాలి, సగటు తీయవద్దు. యాక్సిల్ గొట్టం మీద చీటీ చదవగలిగేలా ఉంటే ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది. దాని మీది సీరియల్ నంబరు చెప్పి, ఆ యాక్సిల్‌కు ఏ కమాన్ కట్టలు వేశారో తయారీదారును అడగడమే నేను మొదట చేసే పని. వంపు విషయంలో ఒక్క జాగ్రత్త: కొందరు అమ్మకందారులు రెండు కళ్ల కేంద్రాలను కలిపే గీత నుంచి పై పట్టీ దాకా కొలుస్తారు, కొందరు కట్ట అడుగు దాకా కొలుస్తారు. వారి బొమ్మ చూడకుండా అంకెను పోల్చకండి.

వెడల్పు, బోల్టు రంధ్రం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఈ తరహా ట్రైలర్లలో సాధారణంగా పట్టీ 1¾ అంగుళాలు, బోల్టు 9/16 అంగుళం ఉంటాయి. ఒక చివర కన్ను లేకుండా జారే రకం కట్టలున్నవారికి ఈ పాఠం వర్తించదు.

ఇక సామర్థ్యం. ట్రైలర్ ఎడమవైపు, ముందు సగంలో, బయట అంటించిన చీటీలో మొత్తం బరువు పరిమితి, ఒక్కో యాక్సిల్ పరిమితి ఉంటాయి. మొత్తం పరిమితి 7,600 పౌండ్లు, ఒక్కో యాక్సిల్‌కు 3,500 పౌండ్లు ఉన్న బండిని ఉదాహరణగా తీసుకుందాం. నిండుగా సర్దినప్పుడు అందులో 12 శాతం, అంటే 912 పౌండ్లు లాగే వాహనం హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడితే, యాక్సిళ్లకు 6,688 మిగులుతుంది. ఒక్కో కట్ట వాటా 1,672. యాక్సిళ్ల, చక్రాల సొంత బరువు కట్టల మీద పడదు కనుక నిజానికి ఇంకాస్త తక్కువే, కానీ ఆ తగ్గింపును నేను లెక్కలోకి తీసుకోను. ఆ యాక్సిల్‌కు వేసే కట్ట సామర్థ్యం 1,750 పౌండ్లు. మిగులు 78 పౌండ్లు, అయిదు శాతం కూడా కాదు. అదీ బరువు రెండు పక్కలా సమానంగా ఉంటేనే. వంటగది, ఫ్రిజ్ ఒకే పక్కన ఉన్న బండిలో ఆ పక్క కట్టలు ముందుగా దిగబడటంలో వింత లేదు. అమ్మకందారు రాసిన అంకె ఒక్క కట్టదా, యాక్సిల్‌కు జతదా అన్నది తప్పక అడగండి.

ఇక్కడే నాకు విసుగు తెప్పించే ప్రశ్న వస్తుంది: ‘నాలుగు పట్టీల కట్ట దిగబడింది కదా, ఆరు పట్టీలది వేస్తే సరిపోదా?’ పట్టీలు లెక్కపెట్టి కమాన్ ఎంచుకోవడం కుదరదు. బిగువు పట్టీల సంఖ్యతో వరుసలో పెరుగుతుంది, కానీ మందం ఘనంతో, అంటే మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కలో, పెరుగుతుంది. పావు అంగుళం మందం పట్టీ స్థానంలో 5/16 అంగుళం పట్టీ పెడితే కంటికి తేడా తెలియదు, బిగువు మాత్రం దాదాపు రెండింతలవుతుంది. పొడవు, వెడల్పు ఒకటే అయితే, అలాంటి మందపాటి నాలుగు పట్టీలు, పావు అంగుళం పట్టీలు ఏడింటికన్నా బిగువు. కాబట్టి పట్టీల సంఖ్య చూడవద్దు, రాసిన సామర్థ్యం చూడండి.

సరే, సామర్థ్యమే చూసి రెట్టింపుది వేద్దామంటే అదీ కూడదు. యాక్సిల్ గొట్టం, బేరింగులు, బ్రేకులు, చక్రాలు, టైర్లు, కమాన్లు, వీటన్నింటిలో ఏది తక్కువ మోస్తుందో అదే బండి పరిమితి. కమాన్ ఒక్కటి బలపడినంత మాత్రాన 3,500 పౌండ్ల యాక్సిల్ 5,000 మోయదు. పైగా తన మీద పడే బరువుకు వంగని కట్ట ఉన్నా లేనట్టే. గుంత దెబ్బ నేరుగా ఛాసిస్‌కు, అక్కడి నుంచి గోడలకు, అలమరల స్క్రూలకు చేరుతుంది. కమాన్లు మార్చాక అలమర తలుపులు ఊడుతున్నాయన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. తూకంలో కట్ట వాటా దాని సామర్థ్యంలో 90 శాతం దాటితే ఒక్క మెట్టు పైది వేయడం నా అలవాటు. 80 లోపు ఉంటే ఉన్న సామర్థ్యమే మళ్లీ వేస్తాను. మధ్యలో ఉన్నవారు సామాను తగ్గించుకోవడం మేలు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్లకు పట్టీ ఎక్కించడం చూసి పెరిగినవారు ఇక్కడా పాత కట్టకు ఒక పట్టీ చేర్పించవచ్చా అని అడుగుతున్నారు. లారీ కట్ట పెద్దది, ఖరీదైనది, చేసే మేస్త్రీకి దాని వంపు తెలుసు. అలిసిపోయిన చిన్న ట్రైలర్ కట్ట మీద ఆ ఖర్చు దండగ. నాలుగూ ఒకేసారి కొత్తవి వేయండి.

కట్టలతో పాటు, వాటిని యాక్సిల్ గొట్టానికి బిగించే యూ బోల్టులూ కొత్తవే కొనండి, ఒకసారి బిగించినవి తిరిగి వాడకూడదు. వాటి కొలత గొట్టం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 3,500 పౌండ్ల యాక్సిల్ గొట్టం వ్యాసం సాధారణంగా 2⅜ అంగుళాలు, 5,200 పౌండ్ల నుంచి 3 అంగుళాలు ఉంటుంది. మీది కొలిచి చూసుకోండి. కళ్లలో ప్లాస్టిక్ బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే గొట్టాలు) వస్తే నేను తీసేసి కంచు బుష్‌లు, గ్రీజు పట్టే బోల్టులు వేస్తాను.

అభ్యాసం. దారిలో ఉండే ట్రక్ స్టాప్ తూకంలో ట్రైలర్‌ను లాగే వాహనానికి తగిలించే ఉంచి, యాక్సిళ్లు మాత్రం విడి పలక మీద ఉండేలా మూడుసార్లు తూచండి: ఖాళీగా ఒకసారి, ప్రయాణానికి సర్ది నీళ్లు లేకుండా ఒకసారి, అలాగే సర్ది నీళ్ల ట్యాంకు నింపి ఒకసారి. 40 గ్యాలన్ల ట్యాంకే 330 పౌండ్లు దాటుతుంది. బరువు పంచే హిచ్ కడ్డీలు వాడేవారు మూడో తూకాన్ని కడ్డీలు బిగించి ఒకసారి, వదిలి ఒకసారి తీయాలి. బిగించినప్పుడు కొంత బరువు వెనక్కి, ట్రైలర్ యాక్సిళ్ల మీదికి వెళుతుంది. ఆపైన చదునైన నేల మీద నాలుగు చక్రాల దగ్గరా ఛాసిస్ ఎత్తు కొలిచి, ఏ పక్క వాలిందో రాసుకోండి. ఈ అంకెలూ, స్టాండ్ల మీద తీసిన నాలుగు కట్టల పొడవు, వంపు ఒకే కాగితం మీద ఉంటే తప్ప ఆర్డరు పెట్టకండి. ఎనిమిదో పాఠంలో పాత కట్టలు విప్పుతాం, అప్పటికి కొత్తవి ఇంట్లో ఉండాలి.