క్రిప్టో ఎక్స్ఛేంజ్ కంపెనీ ఎక్కడ స్థాపించాలి, అనుమతి ఎలా పొందాలి: దరఖాస్తు విధానం

క్రిప్టో ఎక్స్ఛేంజ్, అంటే బిట్‌కాయిన్ వంటి డిజిటల్ ఆస్తులను కొని అమ్ముకునే వేదిక, పెట్టాలని సలహా కోసం వచ్చే యువకులు మొదట నా ముందు పెట్టేది సాధారణంగా ఒక విదేశీ కంపెనీ నమోదు పత్రం. అది ఏదో ఒక ఫ్రీ జోన్‌లోనో (విదేశీ కంపెనీలకు రాయితీలిచ్చే ప్రత్యేక ప్రాంతం), ఐరోపాలోని ఒక చిన్న దేశంలోనో నమోదైన కంపెనీది. దానికోసం మధ్యవర్తికి లక్షల రూపాయలు చెల్లించి, దాన్నే లైసెన్సు అని నమ్మి ఉంటారు. ఆ పత్రం కంపెనీ ఏర్పడిందని చెబుతుందే తప్ప, ఇతరుల డబ్బునూ డిజిటల్ ఆస్తులనూ స్వీకరించి వ్యాపారం చేసే అధికారాన్ని ఇవ్వదు. ఈ తేడా తెలియక కుటుంబం కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకున్నవారిని చూసిన తరువాత ఈ వివరణ రాయడం అవసరమనిపించింది.

ఏ దేశంలో పన్ను తక్కువ, ఏ దేశంలో పని త్వరగా అవుతుంది అని ఆలోచించే ముందు, మీ ఖాతాదారులు ఏ దేశంలో ఉంటారన్నది తేల్చుకోవాలి. ఖాతాదారులు భారతదేశంలో ఉంటే, కంపెనీ ఎక్కడ నమోదైనా భారతీయ చట్టం వర్తిస్తుంది. 2023 మార్చి 7న కేంద్ర ఆర్థిక శాఖ జారీ చేసిన నోటిఫికేషన్‌తో వర్చువల్ డిజిటల్ ఆస్తుల (క్రిప్టో వంటివాటి) సేవలు మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 28న అనుమానాస్పద లావాదేవీలపై నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజ్‌లకు నోటీసులు ఇవ్వగా, మరుసటి నెలలో వాటి యాప్‌లు, వెబ్‌సైట్లు మన దేశంలో నిలిచిపోయాయి. వాటిలో ఒకటైన బైనాన్స్ ఆ తరువాత ఇక్కడ నమోదు చేసుకుంది. 2024 జూన్‌లో దానికి 18.82 కోట్ల రూపాయల జరిమానా కూడా పడింది. ప్రపంచంలోనే పెద్ద ఎక్స్ఛేంజ్‌కు తప్పని నమోదు నలుగురు మిత్రులు కలిసి పెట్టిన కంపెనీకి తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

భారతదేశంలో కంపెనీని నమోదు చేయడం తేలికైన పనే. ఏ కంపెనీ సెక్రటరీ అయినా కొద్ది రోజుల్లో చేసిపెడతారు. ఆ తరువాత ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ పోర్టల్‌లో రిపోర్టింగ్ సంస్థగా నమోదు కావాలి. ఇందుకు చట్టం అమలుకు బాధ్యత వహించే ఒక డెజిగ్నేటెడ్ డైరెక్టర్‌ను, నివేదికలు పంపే ఒక ప్రిన్సిపల్ ఆఫీసర్‌ను నియమించాలి. ఖాతాదారుల గుర్తింపును ఎలా నిర్ధారిస్తారో, అనుమానాస్పద లావాదేవీలను ఎలా పసిగట్టి నివేదిస్తారో రాతపూర్వకంగా చూపాలి. ప్రిన్సిపల్ ఆఫీసర్ స్థానంలో తెలిసినవారి పేరు అరువు తెచ్చుకుని పెట్టవద్దు. అధికారులు ప్రశ్నించేది ఆయననే కాబట్టి, మీ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ఆయనకు స్వయంగా తెలిసి ఉండాలి. సైబర్ దాడి జరిగితే ఆ సంగతి తెలిసిన ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న 2022 ఏప్రిల్ నాటి ఆదేశం, లావాదేవీలపై 1 శాతం టీడీఎస్, లాభాలపై 30 శాతం పన్ను మీ వ్యాపార లెక్కల్లో మొదటి రోజు నుంచే ఉండాలి. ఈ నమోదు కేవలం మనీలాండరింగ్ నిరోధానికి సంబంధించినది. ప్రభుత్వం మీ ఎక్స్ఛేంజ్‌ను ఆమోదించినట్టు ప్రకటనల్లో రాసుకునే హక్కు దాని వల్ల రాదు.

దుబాయి విషయానికి వస్తే, అక్కడి నియంత్రణ సంస్థ పేరు వారా. 2022లో చేసిన చట్టంతో ఏర్పడిన ఈ సంస్థ అధికారం దుబాయిలోని ఫ్రీ జోన్‌లకు కూడా వర్తిస్తుంది; దుబాయి అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం మాత్రం వేరే సంస్థ పరిధిలో ఉంది. దరఖాస్తు రెండు దశల్లో సాగుతుంది. ప్రాథమిక వివరాల పత్రం సమర్పించాక వచ్చే తొలి ఆమోదంతో కంపెనీ ఏర్పాటు, కార్యాలయం, ఉద్యోగుల నియామకం, బ్యాంకు ఖాతా వంటి పనులు పూర్తి చేసుకోవచ్చు. ఖాతాదారులను మాత్రం చేర్చుకోకూడదు. మధ్యవర్తులు ఎక్కువగా "లైసెన్సు వచ్చేసింది" అని చెప్పి మిగతా రుసుము వసూలు చేసేది ఈ తొలి ఆమోద పత్రం చూపించే. ఎక్స్ఛేంజ్ సేవకు దరఖాస్తు రుసుము 1,00,000 దిర్హామ్‌లు, వార్షిక పర్యవేక్షణ రుసుము 2,00,000 దిర్హామ్‌లు. మూలధనం కింద, వారా అనుమతి ఉన్న కస్టోడియన్ (ఇతరుల ఆస్తులను భద్రపరిచే సంస్థ) వద్ద ఖాతాదారుల ఆస్తులు ఉంచితే 8,00,000 దిర్హామ్‌లు లేదా ఏడాది స్థిర ఖర్చుల్లో 15 శాతం, లేకపోతే 15,00,000 దిర్హామ్‌లు లేదా 25 శాతం, ఏది ఎక్కువైతే అది చూపాలి. "మొత్తం పదిహేను లక్షల రూపాయల్లో అయిపోతుంది" అనే మాట ఎవరి నోట విన్నా ఈ అంకెలను రూపాయల్లోకి మార్చి చూసుకోండి.

ఐరోపాలో ఎస్టోనియా పేరు మనవాళ్లకు ఇంకా గుర్తుంది, ఎందుకంటే విదేశీయులకు ఆ దేశం ఇచ్చే డిజిటల్ గుర్తింపు ఈ-రెసిడెన్సీతో ఇంట్లో కూర్చుని కంపెనీ పెట్టవచ్చు. ఒకప్పుడు అక్కడ క్రిప్టో అనుమతి కూడా సులభంగానే దొరికేది. డెన్మార్క్‌కు చెందిన డాన్స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ మనీలాండరింగ్ ఉదంతం తరువాత ఆ దేశం కఠినంగా మారి, 2020లో వెయ్యికి పైగా అనుమతులను రద్దు చేసింది. ఇప్పుడు ఐరోపా సమాఖ్య అంతటికీ క్రిప్టో మార్కెట్లకు సంబంధించిన మైకా నియమావళి ఒక్కటే. క్రిప్టో సేవా సంస్థలకు అది 2024 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. పాత అనుమతులతో నడిచే సంస్థలకు ఇవ్వదగిన గడువు ఎంత పొడిగించినా 2026 జూలై 1 దాటకూడదు. ట్రేడింగ్ వేదికకు కనీస మూలధనం 1,50,000 యూరోలు. డైరెక్టర్లలో కనీసం ఒకరు ఐరోపా సమాఖ్యలో నివసించాలి. కంపెనీ యాజమాన్య నిర్ణయాలు నిజంగా అక్కడే జరగాలి. ఒక దేశంలో వచ్చిన అనుమతితో సమాఖ్య దేశాలన్నిటిలో సేవలందించవచ్చు కాబట్టి, ఐరోపా ఖాతాదారులే లక్ష్యమైతే ఈ కష్టానికి ఫలితం ఉంటుంది. లేకపోతే ఆ దారి అనవసరం.

సింగపూర్‌లో కంపెనీ పెట్టి, అక్కడి ఖాతాదారుల జోలికి పోకుండా, బయటి దేశాలవారికి సేవలందించే పాత పద్ధతి 2025 జూన్ 30తో ముగిసింది. అలాంటి సంస్థలకు కూడా లైసెన్సు కావాలి. దాన్ని సాధారణంగా ఇవ్వబోమని అక్కడి ద్రవ్య ప్రాధికార సంస్థ ముందే చెప్పింది.

ఏ దేశం ఎంచుకున్నా ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది ఒకే చోట: మూలధనం ఎక్కడి నుంచి వచ్చిందో నిరూపించే పత్రాల దగ్గర. బ్యాంకులో డబ్బు ఉందని చూపితే సరిపోతుందని మనవాళ్లు అనుకుంటారు. విదేశీ అధికారి మాత్రం ఆ డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందని, ఆ ఖాతాలోకి దేని వల్ల వచ్చిందని, అసలు ఆ కుటుంబానికి అంత ఆస్తి ఎలా కూడిందని వరుసగా అడుగుతారు. మన ఇళ్లలో పెట్టుబడి తరచు పొలం అమ్మకం నుంచి వస్తుంది. విక్రయ దస్తావేజులో రాసిన ధర ఒకటి, చేతికి అందిన మొత్తం మరొకటి అయినప్పుడు, ఆ మిగిలిన సొమ్ముకు ప్రపంచంలో ఎక్కడా ఆధారం చూపలేరు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని మన ఆదాయపు పన్ను చట్టమే నిషేధిస్తుంది కాబట్టి, దాన్ని ఏదో ఒక విధంగా "సర్దుబాటు" చేస్తామనే సలహాను ఒప్పుకోకండి. లైసెన్సు రాకపోవడం చిన్న నష్టం. తప్పుడు ఆధారం సమర్పించారన్న గుర్తు డైరెక్టర్ పేరు మీద పడితే తరువాత ఏ దేశంలోనూ అది చెరగదు.

చీటీ పాడిన డబ్బైతే ఆ చిట్ ఫండ్ రిజిస్టర్డ్ సంస్థదై ఉండాలి, చెల్లింపులు బ్యాంకు ద్వారా కనిపించాలి. అమెరికాలోని బావగారో, అక్కయ్యో పంపిన డబ్బైతే అది బహుమతి, అప్పు, వాటా వీటిలో ఏదో ముందే కాగితం మీద పెట్టాలి. పంపినవారి ఆదాయ పత్రాలు కూడా అడుగుతారని వారికి చెప్పి ఒప్పించాలి. గతంలో క్రిప్టోలో వచ్చిన లాభమైతే ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్లు, వాలెట్ల (క్రిప్టో దాచుకునే డిజిటల్ ఖాతాల) మధ్య బదిలీల వివరాలు, పన్ను చెల్లించిన రిటర్నులు మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి.

ఇంకొక చిన్న విషయం పెద్ద అడ్డంకి అవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పట్టాదారు పాసుపుస్తకంలో పొడి అక్షరం ఉంటుంది, పాన్ కార్డులో తండ్రి పేరు కలిసి ఉంటుంది. మనకు ఆ ముగ్గురూ ఒకరేనని తెలుసు. పరదేశంలో కూర్చున్న అధికారికి వారు ముగ్గురు వేర్వేరు మనుషులు. అఫిడవిట్, అధికారిక ఆంగ్ల అనువాదం, దేశాన్ని బట్టి అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేందుకు ఇచ్చే ధ్రువీకరణ) లేదా రాయబార కార్యాలయ ధ్రువీకరణ దరఖాస్తుకు ముందే సిద్ధం చేసుకోండి. అఫిడవిట్ నోటరీ దగ్గర పూర్తవుతుంది, అపోస్టిల్ విదేశాంగ శాఖ ఇస్తుంది; భయపడవలసిన పని కాదు.

డబ్బు దేశం దాటే ముందు బ్యాంకు దగ్గర మరొక దశ ఉంది. విదేశీ కంపెనీలో వాటా తీసుకోవాలంటే 2022 ఆగస్టు నాటి విదేశీ పెట్టుబడి నియమాల ప్రకారం ఫారం ఎఫ్‌సీ సమర్పించి, రిజర్వు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య పొందాలి. వ్యక్తులకు ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. ఆర్థిక సేవల వ్యాపారం చేసే విదేశీ కంపెనీలో వ్యక్తులు నేరుగా పెట్టుబడి పెట్టడంపై ప్రత్యేక నిషేధం కూడా ఉంది. మీ ప్రతిపాదన ఆ నిషేధం కిందికి వస్తుందా రాదా అన్నది డబ్బు పంపిన తరువాత కాక, ముందే బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చదువుల ఖర్చు అనో, కుటుంబ పోషణ అనో రాసి పంపమని చెప్పేవారు మీ చేత ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) ఉల్లంఘన చేయిస్తున్నారు.

"లైసెన్సు ఉన్న కంపెనీనే కొనిపెడతాం" అనే ప్రతిపాదన కూడా తరచు వినిపిస్తుంది. నియంత్రిత సంస్థలో గణనీయమైన వాటా చేతులు మారాలంటే నియంత్రణ సంస్థ ముందస్తు ఆమోదం కావాలి; అప్పుడు కొత్త యజమాని నిధుల మూలాన్ని మళ్లీ మొదటి నుంచి పరిశీలిస్తారు. కనుక అది దగ్గరి దారి కాదు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ కంపెనీ పేరును వారా, సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ, ఐరోపా సెక్యూరిటీల సంస్థ తమ వెబ్‌సైట్లలో ఉంచిన రిజిస్టర్లలో మీరే వెతకండి. పేరు ఉంటే ఏ సేవకు అనుమతి ఉందో కూడా చదవండి. ప్రభుత్వ రుసుములను నియంత్రణ సంస్థ ఖాతాకే చెల్లించి రసీదు మీ కంపెనీ పేరుతో తీసుకోండి. దరఖాస్తు తరువాత అదనపు ప్రశ్నలు వస్తే అది తిరస్కరణ కాదు, పరిశీలన మొదలైందని అర్థం. అడిగిన దానికే, పత్రం జతచేసి, గడువులోగా జవాబివ్వండి.