పుట్టుకతో వచ్చే గ్రోత్ హార్మోన్ లోపం: మందు ఎంపిక, ఖర్చు లెక్క, ఇంట్లో వాడకం

ఎత్తు పెరగడానికి కావాల్సిన గ్రోత్ హార్మోన్‌ను మందుగా మొదలుపెడదామని డాక్టర్ అనగానే తల్లిదండ్రులు ముందుగా అడిగేది "పెన్ను ఎంత?" అని. ఆ ప్రశ్నతో లెక్క తేలదు. మందు నింపి ఇచ్చే ఈ ఇంజెక్షన్ పెన్నులు 5, 10, 15 మిల్లీగ్రాముల్లో వస్తాయి. కొన్నిటి మీద యూనిట్లలో రాస్తారు. 1 మిల్లీగ్రాము అంటే 3 యూనిట్లు. మిల్లీగ్రాముకు ఎంత పడుతోందో లెక్కేసి, ఆ ధరలనే పోల్చండి.

రోజువారీ ఇంజెక్షన్ మోతాదు మామూలుగా కిలో బరువుకు 0.025 నుంచి 0.035 మి.గ్రా. ఎంతన్నది డాక్టరే నిర్ణయిస్తారు. 15 కిలోల పాపకు 0.03 చొప్పున రోజుకు 0.45, నెలకు 13.5 మి.గ్రా. అదే పాప 30 కిలోలకు చేరితే నెలకు 27. మందు ధర ఒక్క రూపాయి పెరగకపోయినా మీ ఖర్చు రెట్టింపవుతుంది. ఎముకల ఎదుగుదల దాదాపు పూర్తయ్యేదాకా, అంటే ఏళ్ల తరబడి సాగే వైద్యం ఇది. మొదటి ఏడాది బిల్లు చూసి ధైర్యపడకండి, పన్నెండేళ్ల వయసులో ఉండే బరువుకు లెక్కేసుకోండి.

వృథా కూడా చూడాలి. తెరిచిన పెన్ను చాలావరకు 28 రోజుల్లో అయిపోవాలి, మీ పెన్ను గడువు దాని కరపత్రంలో ఉంటుంది. రోజుకు 0.45 అయితే 28 రోజులకు 12.6 మి.గ్రా. 15 మి.గ్రా. పెన్ను కొంటే దాదాపు 2.4 పారబోయాల్సిందే. 10 మి.గ్రా. పెన్ను 22 రోజులకు సరిపోయి, మిగిలేది అతి స్వల్పం. కొత్త పెన్ను సరిచూసేటప్పుడు పోయే చుక్కల్ని కూడా లెక్కలో కలుపుకోండి.

మందు కొనేముందు జన్యు పరీక్ష గురించి అడగండి. మేనరికాలున్న మన కుటుంబాల్లో, అమ్మానాన్న ఇద్దరి నుంచీ దెబ్బతిన్న జన్యువు బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. గ్రోత్ హార్మోన్ తయారుచేసే జీహెచ్1 జన్యువు పూర్తిగా లేని పిల్లల్లో మందు మొదట బాగా పనిచేసి, తర్వాత దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి ఎదుగుదల ఆగిపోవచ్చు. అలాంటివారికి 2005లో అమెరికాలో అనుమతి పొందిన మెకాసెర్మిన్ అనే వేరే మందు ఉంది. హార్మోన్ విడుదల చేయమనే సంకేతాన్ని అందుకునే జీహెచ్‌ఆర్‌హెచ్‌ఆర్ జన్యువులో మార్పు ఉన్న కుటుంబాలు భారత ఉపఖండంలో చాలా బయటపడ్డాయి. వాళ్లకు మామూలు గ్రోత్ హార్మోనే బాగా పనిచేస్తుంది. నోటి మాత్రగా ప్రయోగ పరీక్షలకు వెళ్లిన ఇబుటామోరెన్ లాంటివి మెదడు కింద గ్రోత్ హార్మోన్ ఊరే పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపించి దాని సొంత హార్మోన్‌ను విడుదల చేయించే మందులు. హార్మోన్ తయారుచేసే జన్యువే లేని బిడ్డకు వాటివల్ల ఉపయోగం లేదు. మాత్ర వస్తుందని ఎదురుచూస్తూ ఇంజెక్షన్ వాయిదా వేయకండి, పోయిన ఏళ్లు తిరిగిరావు.

వారానికోసారి వేసే మందులూ ఉన్నాయి. అమెరికాలో పిల్లలకు లోనాపెగ్‌సోమాట్రోపిన్ 2021లో, సోమాపాసిటాన్, సోమాట్రోగాన్ 2023లో అనుమతి పొందాయి. కిలోకు వారానికి వరసగా 0.24, 0.16, 0.66 మి.గ్రా. అణువులు వేరు కాబట్టి 0.66 అంటే ఎక్కువ బలం అనుకోకూడదు, ఇక్కడ మిల్లీగ్రాము ధర పోల్చడం కుదరదు. నెల మొత్తం ఖర్చే పోల్చండి. ఏడాదికి 365 పోట్లు 52 అవుతాయి, నిజమే. కానీ ఒక్కటి పూర్తిగా తప్పిపోతే వారం పోతుంది. మందు ఎలా పనిచేస్తోందో చూపే ఐజీఎఫ్-1 రక్తపరీక్షకు కూడా రోజు చూసుకుని వెళ్లాలి: సోమాట్రోగాన్ వేశాక నాలుగో రోజున. మర్నాడే రక్తం ఇస్తే అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఆర్థిక సాయానికి దారి ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో రుజువైన గ్రోత్ హార్మోన్ లోపం కూడా ఉంది. గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం), నిమ్స్ ఆసుపత్రి కలిసి అలాంటి కేంద్రం. హార్మోన్ ఎంత ఊరుతుందో చూసే స్టిమ్యులేషన్ పరీక్షల ఫలితాలు, ఎముక వయసు ఎక్స్‌రే, పిట్యూటరీ ఎంఆర్‌ఐ, ఎత్తు కొలతల చార్టు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.

ఇంట్లో మందు ఫ్రిజ్‌లో కూడా పాడవ్వొచ్చు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా ఉంచండి. గోడకు ఆనితే గడ్డకట్టొచ్చు. గడ్డకట్టి కరిగిన మందు చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, అయినా పారేయాల్సిందే. మే నెలలో ప్రయాణమైతే ఐస్ ప్యాక్‌కు, పెన్నుకు మధ్య మడిచిన తువ్వాలు పెట్టండి. పెన్నును గట్టిగా ఊపకూడదు, నురగ వస్తే ప్రోటీన్ దెబ్బతింటుంది.

రోజువారీ ఇంజెక్షన్ పడుకునేముందు వేయండి, సహజ హార్మోన్ కూడా ఎక్కువగా నిద్రలోనే ఊరుతుంది. ప్రతిసారీ కొత్త సూది. తొడలు, పొట్ట, పిరుదులు మార్చిమార్చి వాడండి. ఒకేచోట పొడిస్తే చర్మం కింది కొవ్వు గుంటపడుతుంది లేదా గట్టిపడుతుంది, మందు సరిగా ఎక్కదు. బటన్ నొక్కాక పదిదాకా లెక్కపెట్టి సూది తీయండి. తొందరపడితే కొనమీద చుక్క కనిపిస్తుంది, ఆ చుక్క మోతాదులోదే. వేశాక సూదిని పెన్నుకు వదిలేస్తే గాలి చేరి మర్నాటి మోతాదు తగ్గుతుంది. ఒక రోజు తప్పితే మర్నాడు రెట్టింపు వేయకండి.

తగ్గని తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం, తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటడం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

మూడు నెలలకోసారి, చెప్పుల్లేకుండా, ఒకే పూట, ఒకే గోడ దగ్గర ఎత్తు కొలిచి రాసుకోండి. మొదటి ఏడాది తరచుగా 8 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువే పెరుగుతారు. అందుకు బాగా తక్కువైతే మోతాదు పెంచమని అడిగేముందు ఎన్ని రోజులు మానేశారో, పెన్ను ఎక్కడ ఉంచారో, బరువు పెరిగాక మోతాదు మార్చారో లేదో చూసుకోండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. ఈ మందు మొదలయ్యాక దాగి ఉన్న థైరాయిడ్ లోపం బయటపడొచ్చు, అది సరిచేయనిదే ఎత్తు సరిగా పెరగరు.