ముగ్గురాయి ఎగుమతి పాఠాలు – 4వ భాగం: లె షాటెలియర్ ఫ్లాస్కుతో గ్రావిటీ తీయడం

కుప్ప నుంచీ సంచుల నుంచీ శాంపిల్ తీసి, నాలుగు భాగాలు చేసుకుంటూ అర కిలోకు కుదించడం కిందటి భాగంలో నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ అర కిలో పొడికి గ్రావిటీ తీద్దాం. గ్రావిటీ (స్పెసిఫిక్ గ్రావిటీ) అంటే సరుకు అంతే పరిమాణం నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె. మంగంపేట, ఓబులవారిపల్లె, రైల్వే కోడూరు చుట్టుపక్కల మిల్లుల్లో సరుకు గురించి మాట మొదలైతే ముందు అడిగేది గ్రావిటీయే. ఏపీఎండీసీ (ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ) గనిలో రాయిని ఏ, బీ, సీ-డీ-డబ్ల్యూ గ్రేడులుగా విడదీసి అమ్మడంలోనూ ప్రధానంగా చూసేది అదే.

ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. ప్రపంచంలో దొరికే ముగ్గురాయిలో ఎక్కువ భాగం చమురు, గ్యాస్ బావుల తవ్వకానికే పోతుంది. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదలాంటి ద్రవంలో, అంటే డ్రిల్లింగ్ మడ్‌లో, ఈ పొడి కలిపితే మడ్ బరువెక్కి, లోపలి గ్యాస్ ఒత్తిడిని అణిచిపెడుతుంది. పొడి తేలికైతే అదే బరువు రావడానికి ఎక్కువ పొడి పోయాలి, అప్పుడు మడ్ చిక్కబడి పంపుకు భారమవుతుంది. అందుకే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి 13ఏ ప్రమాణం కనీస గ్రావిటీ 4.20 ఉండాలని చెబుతుంది. 2010 నాటి 18వ ముద్రణలో దీనితోపాటు 4.10 గ్రేడును కూడా చేర్చారు. మీ కాంట్రాక్టులో ఉన్నది ఈ రెండింటిలో ఏదో చూసుకున్నాకే పరీక్ష మొదలుపెట్టండి.

స్వచ్ఛమైన ముగ్గురాయి గ్రావిటీ 4.48 దాకా ఉంటుంది. గనిలోంచి వచ్చే రాయి అంత స్వచ్ఛంగా ఉండదు. అందులో ఎక్కువగా కలిసి ఉండే పలుగురాయి గ్రావిటీ 2.65. బరువులో పదో వంతుకు కాస్త తక్కువ పలుగు చేరితే చాలు, 4.48 కాస్తా 4.20కి దిగిపోతుంది.

ముందు రాయితోనే ఒక అంచనా

యార్డులో లారీ దిగుతుండగానే వేసుకునే అంచనా ఇది. ఒక రాయిని శుభ్రంగా కడిగి ఆరబెట్టి గాలిలో తూచండి. సన్నని దారంతో కట్టి, బకెట్ నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచండి. రాయి బకెట్ అడుగునూ పక్కలనూ తాకకూడదు. పగుళ్లలోంచి బుడగలు రావడం ఆగేదాకా ఆగి అప్పుడు అంకె చూడాలి. గాలిలో బరువును, నీళ్లలో తగ్గిన బరువుతో భాగిస్తే గ్రావిటీ వస్తుంది. గాలిలో 842 గ్రాములు, నీళ్లలో 640 అయితే తగ్గింది 202. 842 ÷ 202 = 4.17.

అయితే కాటా 5 గ్రాములు అటూ ఇటూ చూపించేదైతే ఇదే రాయి 4.07 కావచ్చు, 4.27 కావచ్చు. అంటే ఆ అంకెతో మీకేమీ తెలియనట్టే. మూడు నాలుగు కిలోల రాయి తీసుకుంటే ఈ తేడా బాగా తగ్గుతుంది. ఎలా చేసినా ఇది లారీని ఏ కుప్ప దగ్గర దించాలో తేల్చుకోవడానికే పనికొస్తుంది. కొనేవాడికి ఇచ్చే కాగితం మీద ఫ్లాస్కు అంకె మాత్రమే రాయాలి.

అర మిల్లీలీటరు లెక్క

ఫ్లాస్కు పద్ధతిలో 80 గ్రాముల పొడిని కిరోసిన్‌లో వేసి, మట్టం ఎంత పెరిగిందో చూస్తాం. గ్రావిటీ 4.20 ఉన్న 80 గ్రాముల పొడి 19.05 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. 4.10 ఉన్నది 19.51 మిల్లీలీటర్లు. రెండు గ్రేడుల మధ్య తేడా అర మిల్లీలీటరు కూడా లేదు. చదవడంలో 0.1 మిల్లీలీటరు తప్పితే గ్రావిటీలో 0.02 మారిపోతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ అర మిల్లీలీటరును కాపాడుకోవడం కోసమే, కాబట్టి ఏదీ వదలొద్దు.

కావాల్సినవి

లె షాటెలియర్ ఫ్లాస్కులు రెండు. అడుగున సుమారు 250 మిల్లీలీటర్లు పట్టే బుడ్డి, దానిపైన పొడవాటి మెడ ఉంటాయి. మెడ కింది భాగంలో 0 నుంచి 1 దాకా గీతలు, మధ్యలో చిన్న ఉబ్బు, ఆపైన 18 నుంచి 24 దాకా గీతలు. 80 గ్రాములే ఎందుకంటే, ముగ్గురాయి అంత వేస్తేనే మట్టం ఈ పై గీతల్లోకి వస్తుంది.

0.01 గ్రాము చూపే కాటా, 105 డిగ్రీలు నిలిపే ఓవెన్, డెసికేటర్ (పొడికి తేమ తగలకుండా ఉంచే మూత పాత్ర), 32 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉండే పారదర్శకమైన నీళ్ల బాత్, 10 మిల్లీలీటర్ల పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే సన్నని గొట్టం), భూతద్దం, పొడి పోయడానికి మూతి ఉన్న చిన్న పళ్లెం, మెత్తని బ్రష్, పెన్సిల్ మందాన ఉన్న అడుగు పొడవు చెక్క పుల్ల, టిష్యూ కాగితం. కిరోసిన్ తెల్లగా తేటగా ఉండాలి. ఒకసారి వాడిన కిరోసిన్‌ను వడగట్టి మళ్లీ వాడకండి. నీళ్లు ఇక్కడ పనికిరావు. ముగ్గురాయి పొడిని నీళ్లు సరిగా తడపవు, రేణువుల మధ్య గాలి నిలిచిపోతుంది, కరిగే లవణాలుంటే అవి కొంత కరుగుతాయి. కిరోసిన్ పొడిలోకి తేలిగ్గా ఇంకుతుంది. ఓవెన్‌కూ పొయ్యికీ దూరంగా, గాలి ఆడే చోట పని పెట్టుకోండి.

పని వరుస

శాంపిల్ రాయి అయితే ముందు దాన్ని 75 మైక్రాన్ల జల్లెడలో పడేంత మెత్తగా నూరాలి. పలుకులుగా ఉంటే వాటి లోపలి పగుళ్లలో గాలి ఉండిపోయి గ్రావిటీ తక్కువ చూపిస్తుంది. దాదాపు 100 గ్రాముల పొడిని 105 డిగ్రీల దగ్గర కనీసం రెండు గంటలు ఆరబెట్టి డెసికేటర్‌లో చల్లార్చండి. పొడి చేతికి పొడిగా తగిలినంత మాత్రాన తేమ లేదనుకోకండి. శాంపిల్‌లో 1 శాతం తేమ ఉంటే 80 గ్రాముల్లో 0.8 గ్రాము నీళ్లు ఉన్నట్టు. అది 0.8 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. నిజానికి 4.20 ఉన్న సరుకు 4.07గా కనబడుతుంది. వానాకాలంలో నోరు తెరిచి ఉంచిన సంచి నుంచి తీసిన పొడి విషయంలో ఇది తరచూ జరిగేదే.

ఫ్లాస్కులో 0 గీతకు కొద్దిగా కింద వరకు కిరోసిన్ పోసి, మూత పెట్టి బాత్‌లో నిలబెట్టండి. బాత్ నీళ్లు 24 గీతకు పైన, మూతకు కింద ఉండాలి. ఫ్లాస్కు తేలకుండా క్లాంపు బిగించండి. కనీసం ఒక గంట కదపొద్దు. తర్వాత మట్టం 0కీ 1కీ మధ్య లేకపోతే పిపెట్‌తో కొంచెం పోసో తీసో సరిచేసి, మళ్లీ నిలకడగా ఉండనివ్వండి. ఇప్పుడు కన్నును సరిగ్గా మట్టం ఎత్తుకు తెచ్చి, భూతద్దంతో, కిరోసిన్ వంపులో అన్నిటికంటే కిందున్న అంచు దగ్గర అంకె చూడండి. 0.05 మిల్లీలీటరు దాకా రాసుకోవాలి. ఇది మొదటి అంకె.

ఫ్లాస్కు బయటికి తీసి తుడవండి. చెక్క పుల్లకు టిష్యూ కాగితం చుట్టి, మెడ లోపలి గోడను కిరోసిన్ మట్టానికి పైదాకా ఆరేలా తుడవండి. పుల్ల కిరోసిన్‌ను మాత్రం తాకకూడదు. తాకితే కొంత కిరోసిన్ కాగితంతో బయటికొచ్చేస్తుంది, అప్పుడు మొదటి అంకె చెల్లదు. మెడను ఎందుకు తుడుస్తామంటే, తడి గోడకు తగిలిన పొడి ముద్దకట్టి అక్కడే మెడను మూసేస్తుంది.

80.00 గ్రాములు తూచండి, 0.05 అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, కానీ కాటా చూపిన అసలు అంకెనే రాయండి. పళ్లెం మూతిని ఫ్లాస్కు నోటికి ఆనించి బ్రష్‌తో చిటికెడు చిటికెడుగా జార్చండి. పరీక్ష మొత్తంలో ఓపిక కావాల్సింది ఇక్కడే. ఒక్కసారిగా పోస్తే ఉబ్బు దగ్గర పొడి అడ్డంపడుతుంది, కిరోసిన్ చింది పై గోడకు అంటుకుంటుంది. అడ్డంపడితే మెడను వేలితో మెల్లగా తట్టండి, తీగలాంటివి లోపలికి దించకండి. పళ్లెంలో, బ్రష్ మీద మిగిలిన చివరి రేణువు కూడా లోపలికి వెళ్లాలి.

మూత పెట్టి ఫ్లాస్కును నిటారుగా రెండు అరచేతుల మధ్య పట్టుకుని కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ తిప్పండి. లేదా 45 డిగ్రీలకు మించకుండా వంచి నున్నని బల్ల మీద దొర్లించండి. పొడిలోంచి బుడగలు లేచి పైకి వస్తాయి. మొదట్లో బుడగలు ధారగా లేస్తాయి, తర్వాత ఒకటీ అరా, ఆపైన ఏమీ రావు. రావడం లేదని ఆపేయకండి. అరగంట బాత్‌లో ఉంచి, తీసి మళ్లీ తిప్పండి. చాలాసార్లు ఈ రెండో విడతలో ఇంకొన్ని బుడగలు బయటపడతాయి. ఆ తర్వాత కనీసం ఒక గంట బాత్‌లో ఉంచి రెండో అంకె చదవండి.

లెక్క

బరువు 80.02 గ్రాములు, మొదటి అంకె 0.45, రెండో అంకె 19.40 అనుకుందాం. పెరిగింది 18.95 మిల్లీలీటర్లు. 80.02 ÷ 18.95 = 4.22. ఫ్లాస్కుతో వచ్చిన కాలిబ్రేషన్ పత్రంలో గీతలకు దిద్దుబాటు ఉంటే, భాగించే ముందే దాన్ని కలపాలో తీసేయాలో చూసుకోండి. ఒకే శాంపిల్‌ను రెండు ఫ్లాస్కుల్లో చేయండి. రెండింటి మధ్య 0.02 కంటే ఎక్కువ తేడా ఉంటే సగటు తీయడం తప్పు, పరీక్ష మళ్లీ చేయాలి.

వేడి చేసే మోసం

తేమ, గాలి గురించి మిల్లుల్లో చాలామందికి తెలుసు. అంకెను ఎక్కువగా తారుమారు చేసేది మాత్రం వేడి. కిరోసిన్ ఒక డిగ్రీ వేడెక్కితే తన పరిమాణంలో దాదాపు వెయ్యో వంతు పెరుగుతుంది. ఫ్లాస్కులో ఉన్నది 250 మిల్లీలీటర్లు, అంటే డిగ్రీకి పావు మిల్లీలీటరు. రెండో అంకె చదివేటప్పటికి బాత్ ఒక డిగ్రీ వేడెక్కి ఉంటే గ్రావిటీ 0.05 తక్కువ చూపిస్తుంది. ఒక డిగ్రీ చల్లబడి ఉంటే 0.05 ఎక్కువ చూపిస్తుంది. 4.16 సరుకు 4.21 అని రాసుకుని ఓడ ఎక్కించాక, అవతలి రేవులో అసలు అంకె బయటపడితే ఆ నష్టం మొత్తం అమ్మినవారిదే. కాబట్టి రెండు అంకెలు చదివేటప్పుడూ బాత్ థర్మామీటర్ చూసి పక్కన రాయండి. రెండింటి మధ్య 0.2 డిగ్రీకి మించి తేడా ఉండకూడదు.

కోడూరు ప్రాంతంలో వేసవిలో గది వేడి 38, 40 డిగ్రీలు దాటుతుంది. హీటర్ మాత్రమే ఉన్న బాత్ అప్పుడు 32కి దిగలేదు, మధ్యాహ్నం అయ్యేకొద్దీ గదితోపాటు అదీ వేడెక్కుతుంది. చల్లబరిచే ఏర్పాటున్న బాత్ కొనాలి, లేదా ఏసీ ఉన్న గదిలో పని పెట్టుకోవాలి. ఐస్ ముక్కలు వేసి సర్దుకుంటే వేడి పైకీ కిందికీ ఊగుతుంది, అంకె నిలవదు.

రెండు కుప్పలు కలిపేటప్పుడు

4.35 కుప్ప ఒకటి, 3.90 కుప్ప ఒకటి ఉన్నాయి. కలిపి 4.20 చేయాలి. మామూలు సగటు లెక్క ప్రకారం మంచి కుప్ప 66.7 శాతం వేస్తే సరిపోవాలి. అలా కలిపి పరీక్షిస్తే 4.19 వస్తుంది, సరుకు తిరగ్గొడతారు. తేలిక సరుకు బరువుకు తగినదానికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి గ్రావిటీలను నేరుగా సగటు తీయకూడదు. ఒక్కో కుప్ప వాటాను దాని గ్రావిటీతో భాగించి, రెండూ కూడి, 1ని ఆ మొత్తంతో భాగించాలి. 0.69 ÷ 4.35, 0.31 ÷ 3.90 కలిపితే 0.2381. 1 ÷ 0.2381 = 4.20. మంచి కుప్ప 69 శాతం పడాలన్నమాట. ఇది కూడా సరిగ్గా అంచు మీద ఉండే కలయికే. మిల్లు తూకంలో కాస్త తేడా వచ్చినా పడిపోతుంది కాబట్టి 72 శాతం వేయడం మేలు. వెయ్యి టన్నుల ఆర్డరులో 67కీ 69కీ తేడా 20 టన్నుల మంచి రాయి. ధర చెప్పేముందే ఈ లెక్క వేసుకోవాలి.

గ్రావిటీ ఎక్కువున్నంత మాత్రాన సరుకు మంచిదని అనుకోకండి. ఇనుప ఖనిజమైన హెమటైట్ గ్రావిటీ 5.2 వరకు ఉంటుంది. 4.15 ముగ్గురాయిలో 5 శాతం హెమటైట్ కలిస్తే ఫ్లాస్కు 4.19 చూపిస్తుంది. పొడి ఎర్రబారినట్టుంటే గ్రావిటీతో ఆగకుండా బేరియం సల్ఫేట్ శాతం కూడా తీయించండి.

అభ్యాసం

ఒకే శాంపిల్, రెండు ఫ్లాస్కులు. మొదటి దానిలో 80.00 గ్రాములు, అంకెలు 0.30, 19.75. రెండో దానిలో 80.00 గ్రాములు, అంకెలు 0.55, 19.70. రెండింటి గ్రావిటీ కట్టండి. తక్కువ వచ్చిన ఫ్లాస్కులో తేమ, గాలి, వేడి ఈ మూడింటిలో ఏది తప్పై ఉండవచ్చో, ఏది కాకపోవచ్చో రాయండి. రెండు ఫ్లాస్కులకూ పొడి ఒకే డెసికేటర్ నుంచి వచ్చిందనీ, రెండూ ఒకే బాత్‌లో పక్కపక్కనే ఉన్నాయనీ, రెండింటి అంకెలూ ఒకే సమయంలో చదివారనీ గుర్తుంచుకోండి. జవాబు వచ్చే భాగం మొదట్లో ఉంటుంది. ఆ భాగంలో కాల్షియం పరీక్ష చేద్దాం. నీళ్లలో కరిగే ఆల్కలైన్ ఎర్త్ లోహాలు (కాల్షియం, మెగ్నీషియం లాంటివి) కాల్షియం లెక్కన కిలోకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని 13ఏ ప్రమాణం చెబుతుంది.