సీడీబీజీ డబ్బు ఆగిందా? ఫైల్లో ముందు తేదీలు చూడండి

రోడ్డు వేయడానికో, పాత ఇళ్లు బాగుచేయడానికో అమెరికా గృహనిర్మాణ శాఖ హడ్ ఊళ్లకు సీడీబీజీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్) అనే గ్రాంట్ ఇస్తుంది. ఆ డబ్బు ఖర్చుపెట్టే ముందు జరగాల్సిన పర్యావరణ సమీక్ష మాత్రం తను చేయదు. 1974 చట్టం ఆ పని సిటీకో కౌంటీకో అప్పజెప్పే దారి చూపింది. సమీక్ష సరిగా జరిగిందని సాధారణంగా మేయరే సంతకం పెడతారు. రేపు ఎవరైనా కేసు వేస్తే ఫెడరల్ కోర్టులో జవాబు చెప్పాల్సిందీ ఆయనే. ఈ పనికి నియమావళి 24 సీఎఫ్‌ఆర్ (ఫెడరల్ నిబంధనల సంకలనం) పార్ట్ 58. సిటీ ఆఫీసుల్లో కొత్తగా చేరిన మన ఇంజినీర్లు, ప్లానర్లు, ఈ ఫైళ్లు చూసే నాకు ఫోన్ చేసి చెప్పే కష్టాలు ఇంచుమించు ఇవే.

"స్థలం కొనేశాం, ఇప్పుడు గ్రాంట్ రాదంటున్నారు"

అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. ఒక ఊరి సంగతి చెబుతాను. పెద్దవాళ్ల కోసం ఇళ్లు కడతామని ఒక స్వచ్ఛంద సంస్థ సిటీకి దరఖాస్తు పెట్టుకుంది. అమ్మేవాడు తొందరపెడుతున్నాడని నాలుగు వారాలకే సొంత డబ్బుతో స్థలం రిజిస్టర్ చేయించుకుంది. "గ్రాంట్ డబ్బు పైసా ముట్టుకోలేదు కదా" అని వాళ్ల ధీమా. ఫైల్ నా టేబుల్ మీదకొచ్చాక డీడ్ తీసి చూస్తే తేదీ మార్చి 11. సమీక్ష మొదలైందే ఏప్రిల్‌లో. స్థలం ఖర్చు గ్రాంట్ నుంచి పోయింది. మిగతా దాని కోసం నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి.

కారణం పార్ట్ 58లోని 58.22 నిబంధన. దరఖాస్తు పెట్టాక, సమీక్ష పూర్తయ్యేలోపు సిటీ గానీ, డెవలపర్ గానీ, కాంట్రాక్టర్ గానీ స్థలం కొనడం, కూల్చడం, కట్టడం, లీజుకు తీసుకోవడం, మరమ్మతు మొదలుపెట్టడం కుదరదు. డబ్బు ఎవరిదన్నది అనవసరం. వేరే స్థలం చూసుకునే వీలు మూసేసే పని ఏదైనా తప్పే. అనుమతి రాకముందే భూమిపూజ కానిచ్చేసే అలవాటు మనకు కొత్త కాదు గానీ, ఇక్కడ ఆ కొబ్బరికాయ ఖరీదు గ్రాంట్ మొత్తం కావచ్చు.

ఇప్పటికే జరిగిపోతే పని వెంటనే ఆపండి. ఏ తేదీన ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి హడ్ ఫీల్డ్ ఆఫీసుకు మీరే చెప్పండి. వాళ్లకై వాళ్లు కనిపెట్టేదాకా ఆగితే, ఖర్చయిన డబ్బు సిటీ ఖజానా నుంచి వెనక్కి కట్టాల్సి రావచ్చు. దరఖాస్తుకు ముందే, ఫెడరల్ డబ్బు ఆలోచన లేని రోజుల్లో కొన్న స్థలమైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆ సంగతి కాగితం మీద పెట్టుకోండి.

అమ్మేవాడు నిజంగానే ఆగనంటే ఆప్షన్ ఒప్పందం (తర్వాత కొనే హక్కును మాత్రం అట్టిపెట్టుకునేది) రాసుకోవచ్చు. రెండు షరతులు: ఆప్షన్ కోసం కట్టే సొమ్ము స్థలం ధరలో నామమాత్రంగా ఉండాలి, సమీక్ష అయ్యాక ఆ స్థలం పనికొస్తుందని సిటీ తేలిస్తేనే కొనుగోలు అని ఒప్పందంలో ఉండాలి. మట్టి పరీక్షలు, డ్రాయింగులు, అంచనాలు ఈలోపు నిక్షేపంగా చేయించుకోవచ్చు.

"నోటీసు వేశాం, అయినా మా అభ్యర్థన వెనక్కొచ్చింది"

సమీక్ష అయ్యాక జనం అభిప్రాయం కోసం నోటీసు వేసి, గడువు తీరాకే నిధులు విడుదల చేయమని హడ్‌ను అడగాలి. అభ్యర్థన వెనక్కొచ్చిందంటే రోజుల లెక్కలో పొరపాటు. నోటీసు పడిన రోజు లెక్కలోకి రాదు, మర్నాటి నుంచి ఒకటి. శని ఆదివారాలు కలుస్తాయి. పూర్తి అసెస్‌మెంట్ (పర్యావరణంపై పని ప్రభావాన్ని వివరంగా చూసే పరిశీలన) చేసి, పెద్ద ప్రభావం లేదన్న నిర్ణయాన్నీ నిధుల విడుదల అభ్యర్థననూ ఒకే నోటీసులో జూన్ 1న పేపర్లో వేశారనుకోండి. పదిహేను రోజులు 2 నుంచి 16 దాకా. మేయర్ సంతకం 17న గానీ ఆ తర్వాత గానీ పడాలి, 16న కాదు. పేపర్లో వేయకుండా మెయిల్ చేసి, నోటీసు బోర్డులో అంటిస్తే 18 రోజులు. అసెస్‌మెంట్ అక్కర్లేని పనికి అభ్యర్థన నోటీసు ఒక్కటే అయితే పేపర్లో 7, బోర్డు మీద 10.

నిధులు విడుదల చేయమని కోరే ఫారం 7015.15 హడ్‌కు చేరాక అభ్యంతరాలకు మరో 15 రోజులు. హడ్ ఇచ్చే అనుమతి పత్రం 7015.16 చేతికొచ్చేదాకా కాంట్రాక్టు మీద సంతకం వద్దు. కౌన్సిల్ మీటింగ్ తేదీ ముందే పెట్టుకుని నోటీసును అందులో ఇరికించడమే ఈ టెన్షన్‌కు మూలం. లెక్క వెనక నుంచి వేసుకోండి.

"ఇంత చిన్న పనికి పూర్తి అసెస్‌మెంటా?"

పనిని ముక్కలు చేసి చూపించి ఉంటారు. కూల్చడం ఒక ఫైల్, కట్టడం మరో ఫైల్ అంటే కుదరదు. సంబంధమున్న పనులన్నీ, డబ్బు ఎక్కడిదైనా, కలిపే చూడాలని 58.32 చెబుతుంది. లేదా హద్దు దాటి ఉంటారు. ఒకే స్థలంలో కొత్తగా నాలుగు ఇళ్ల వరకు, పూర్తి అసెస్‌మెంట్ అక్కర్లేని మినహాయింపు వర్గంలోకి వస్తాయి, ఐదోది వస్తే రావు. అపార్ట్‌మెంట్ల మరమ్మతు ఖర్చు, బాగుచేశాక ఆ భవనాన్ని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చులో 75 శాతానికి తక్కువ ఉండాలి. "పార్కు అభివృద్ధి" అని రెండు మాటలు రాసి పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కడ, ఎంత, ఎన్ని దశలు అన్నది రాస్తే వర్గం దానంతటదే తేలుతుంది.

"అంతా అయిందనుకున్నాక స్థలమే అడ్డొచ్చింది"

వరద: ఫెడరల్ విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా వేసిన వరద మ్యాపు మొదటి రోజే తీయండి. వరద ప్రాంతంలో ఉంటే, వేరే దారి ఉందేమో చూసే ఎనిమిది మెట్ల ప్రక్రియ, రెండు నోటీసులు: మొదటిది 15 రోజులు, చివరిది 7. చివరిదాన్ని నిధుల నోటీసుతో కలపవచ్చు, మొదటిదాన్ని కలపడానికి లేదు. అక్కడ భవనం ఉంటే వరద బీమా తప్పనిసరి.

పాత ఇళ్లు: యాభై ఏళ్లు దాటినవైతే రాష్ట్ర చారిత్రక పరిరక్షణ ఆఫీసుకు రాయాలి. వాళ్లకు 30 రోజుల గడువు. సంబంధమున్న ఆదివాసీ తెగలకు ఉత్తరం వేరే. చాలామంది మరిచేది ఇదే.

చప్పుడు: ఇళ్లు కట్టే స్థలానికి పెద్ద రోడ్డు 1,000 అడుగుల్లో, రైలు పట్టాలు 3,000 అడుగుల్లో, విమానాశ్రయం 15 మైళ్లలో ఉంటే లెక్క కట్టాలి. 65 డెసిబెల్స్ దాటితే గోడలో, కిటికీలో మార్పులు రాసుకోవాలి.

"మినహాయింపు పనే, అయినా తనిఖీలో దొరికిపోయాం"

మినహాయింపు ఉన్నది సమీక్షకు గానీ కాగితానికి కాదు. సిబ్బంది జీతాలకైనా ఏ క్లాజు కింద మినహాయింపో రాసి, ఖర్చుకు ముందు తేదీతో ఫైల్లో ఉండాలి. పాత తేదీ వేసి ఇప్పుడు సృష్టించవద్దు. ఈరోజు తేదీతోనే నోట్ రాసి, ఆలస్యం ఎందుకైందో చెప్పండి. మా ఫైళ్ల అట్ట లోపల పెన్సిల్‌తో నాలుగు తేదీలు ఉంటాయి: దరఖాస్తు, సమీక్ష సంతకం, 7015.16, మొదటి ఒప్పందం. వరుస తప్పిన ఫైల్ ఆ పూటే పై అధికారి బల్ల మీదకు వెళుతుంది.